వందల ఫైళ్లలోంచి కావలసిన లైన్లు మాత్రమే బయటికి తీయడం ఎలా?

ఒక ఫోల్డర్ నిండా టెక్స్ట్ ఫైళ్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి రాసుకున్న నోట్స్ కావచ్చు, సర్వర్ లాగ్‌లు కావచ్చు. వాటిలో ఫలానా మాట ఉన్న లైన్లన్నీ ఒకచోటికి రావాలి. ఒక్కో ఫైలూ తెరిచి, వెతికి, కాపీ చేసి, ఇంకోచోట పేస్ట్ చేసుకుంటూ పోతే ఇరవై ఫైళ్ల దాకా ఓపిక ఉంటుంది. ఆ తర్వాత ఎక్కడిదాకా వచ్చామో మనకే గుర్తుండదు. కమాండ్లు టైప్ చేసి పని చేయించుకునే కమాండ్ లైన్‌లో ఈ పని చేసిపెట్టేది గ్రెప్ అనే ప్రోగ్రామ్.

ఇది కొత్తదేమీ కాదు. కెన్ థాంప్సన్ రాసిన ఈ ప్రోగ్రామ్ 1973లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నాలుగో వెర్షన్‌తో బయటికొచ్చింది. అప్పట్లో ఈడీ అనే ఎడిటర్‌లో జీ, ఆ తర్వాత ఏటవాలు గీతల మధ్య వెతికే నమూనా (దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, పొట్టిగా ఆర్‌ఈ అంటారు), చివర పీ కొడితే ఫైలంతా గాలించి ఆ నమూనాకు సరిపోయిన లైన్లు చూపించేది. జీ, ఆర్‌ఈ, పీ, ఆ అక్షరాలే దీనికి పేరయ్యాయి. ఈడీకి మాత్రం ఫైలు మొత్తం మెమరీలో పట్టాలి. గ్రెప్‌కు ఆ బాధ లేదు. ఒక్కో లైనూ చదువుతుంది, సరిపోతే చూపిస్తుంది, లేకపోతే వదిలేసి ముందుకు పోతుంది. అందుకే ఫైలు ఎంత పెద్దదైనా టెన్షన్ పడక్కర్లేదు.

మొదలుపెట్టేముందు ఒక మాట. ఇక్కడ కమాండ్లను మనం ఫోన్లో అవతలివాళ్లకు చెప్పినట్టుగా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు కమాండ్ పేరూ, గీత తర్వాత వచ్చే ఆప్షన్లూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఫైలు పేరు చివరి .టీఎక్స్‌టీ, యూటీఎఫ్-8 లాంటివి కూడా ఇంగ్లిష్‌లోనే. గ్రెప్ అంటే జీ, ఆర్, ఈ, పీ. పెద్ద అక్షరం కావలసినచోట "పెద్దఈ" అని కలిపి రాశాను, అక్కడ ఒక్క పెద్ద ఈ అక్షరం కొడితే చాలు. వెతికే మాట, ఫోల్డర్ పేరు, ఫైలు పేరు తెలుగులో ఉంటే తెలుగులోనే కొట్టొచ్చు. గ్రెప్ ఏమీ అనుకోదు.

లైనక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ టెర్మినల్ తెరిస్తే గ్రెప్ సిద్ధంగా ఉంటుంది. విండోస్ అయితే దానిలోనే లైనక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ గానీ, గ్రెప్ లాంటి కమాండ్లతో వచ్చే గిట్ బ్యాష్ గానీ పెట్టుకోండి. విండోస్‌కు సొంతంగా ఫైండ్‌ఎస్‌టీఆర్ అనే కమాండ్ ఉంది కానీ తెలుగు ఫైళ్లకు దాన్ని నేను నమ్మను.

ముందు ఒక్క ఫైలు మీద

ఫోల్డర్ మారడానికి వాడే సీడీ కమాండ్‌తో నోట్స్ ఫోల్డర్‌కు ఒక మెట్టు పైన నిలబడండి. ఫోల్డర్ మొత్తం మీద పడేముందు, ఆ మాట కచ్చితంగా ఉందని మీ కళ్లతో చూసిన ఒక ఫైలు మీద నడిపి చూడండి.

గ్రెప్ 'సర్వర్' నోట్స్/జూన్.టీఎక్స్‌టీ

ఆ లైను తెర మీదికొస్తే నమూనా సరిగ్గానే ఉందన్నమాట. రాకపోతే తప్పు ఎక్కడుందో ఒక్క ఫైలులోనే తేలిపోతుంది. ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. నేనూ దాటేసేవాణ్ణి, ఎందుకు మానేశానో కాసేపట్లో చెబుతాను.

వెతికే మాటను ఎప్పుడూ ఒంటి కోట్స్ మధ్య పెట్టండి. లేకపోతే అందులోని స్పేస్, నక్షత్రం, డాలర్ గుర్తు లాంటివాటిని గ్రెప్ కంటే ముందు మన కమాండ్లను నడిపించే షెల్ అనే ప్రోగ్రామ్ అందుకుని తన అర్థం తీసేసుకుంటుంది. కోట్స్ నిలువుగా ఉండే మామూలువే కావాలి. వర్డ్ ప్రాసెసర్‌లోంచో, చాట్‌లోంచో కమాండ్ కాపీ చేస్తే వంకర తిరిగిన అలంకారపు కోట్స్ వచ్చేస్తాయి. షెల్‌కు అవి కోట్సే కావు.

ఫైలు పేరు ఇవ్వడం మర్చిపోతే కర్సర్ ఊరికే మినుకుమినుకుమంటూ కూర్చుంటుంది. కంప్యూటర్ హ్యాంగ్ అయిందేమో అనుకుంటారు. కాలేదు, మీరు కీబోర్డ్ మీద ఏదో టైప్ చేస్తారని ఎదురుచూస్తోంది. కంట్రోల్ సీ కొట్టి బయటికి రండి.

ఇప్పుడు ఫోల్డర్ మొత్తం

గ్రెప్ -ఆర్ -ఎన్ 'సర్వర్' నోట్స్

ఆర్ అంటే లోపలి ఫోల్డర్లలోకి కూడా దిగి వెతకమని, ఎన్ అంటే లైను నంబరు చూపమని. ఫలితం ఇలా ఉంటుంది:

నోట్స్/2021/జూన్.టీఎక్స్‌టీ:14:సర్వర్ రాత్రి రెండుసార్లు ఆగింది

ముందు ఫైలు దారి, తర్వాత లైను నంబరు, ఆపైన అసలు లైను. ఒక రకం ఫైళ్లలోనే వెతకాలంటే ఆ మాట చెప్పాలి:

గ్రెప్ -ఆర్ -ఎన్ --ఇన్‌క్లూడ్='*.టీఎక్స్‌టీ' 'సర్వర్' నోట్స్

ఆర్ లేకుండా నక్షత్రం పెట్టి ఫైళ్లన్నిటి పేర్లూ ఇవ్వొచ్చు కదా అంటారా, ఇవ్వొచ్చు. కానీ ఫైళ్లు వేలల్లో ఉంటే జాబితా మరీ పొడుగైందని షెల్ మొరాయిస్తుంది. పైగా నక్షత్రం లోపలి ఫోల్డర్లలోకి దిగదు. ఒక ఫోల్డర్‌ను వదిలేయాలంటే --ఎక్స్‌క్లూడ్-డైర్=పాతవి అని చేర్చండి.

ఏ ఫైళ్లలో ఉందో పేర్లు చాలనుకుంటే -ఎల్. ఆ మాట లేని ఫైళ్లు కావాలంటే -పెద్దఎల్. రోజువారీ రిపోర్టుల్లో ఒక తప్పనిసరి లైను ఏ రోజు రాయలేదో పట్టుకోవడానికి ఈ రెండోది భలే పనికొస్తుంది. ఫైలు పేరు అక్కర్లేకుండా లైన్లే కావాలంటే -హెచ్. ఇంగ్లిష్ మాటలు వెతికేటప్పుడు చిన్నా పెద్దా అక్షరాల తేడా పట్టించుకోవద్దని చెప్పడానికి -ఐ. తెలుగుకు ఆ తేడాయే లేదు కాబట్టి అక్కడ దానితో పని పడదు.

లైను ఒక్కటే చూస్తే సంగతి అర్థం కానప్పుడు చుట్టుపక్కల లైన్లు కూడా అడగండి. -పెద్దఏ 3 అంటే తర్వాతి మూడు లైన్లు, -పెద్దబీ 3 అంటే ముందరి మూడు, -పెద్దసీ 3 అంటే రెండువైపులా మూడేసి. లాగ్ ఫైళ్లలో అసలు కారణం తరచుగా ఎర్రర్ లైనుకు పైన ఉంటుంది, కాబట్టి నా చేయి ముందు పెద్దబీ మీదికే పోతుంది.

తెలుగు మాటలు వెతికేటప్పుడు

ఇప్పుడు ఆ మొదటి మెట్టు సంగతి. ఒకసారి ఆఫీసులో "సర్వర్" గురించి రాసిన లైన్లన్నీ తీసివ్వమన్నారు. ఆ మాటను ఒక డాక్యుమెంట్‌లోంచి కాపీ చేసి గ్రెప్‌కు ఇచ్చాను. ఓ పాతిక లైన్లొచ్చాయి, పంపించేశాను. మర్నాడు తోటి ఉద్యోగి ఒకాయన ఫైలు తెరిచి, "మూడో లైనులోనే 'సర్వర్ ఆగింది' అని ఉంది కదండీ, మీ లిస్టులో లేదేం?" అన్నారు. నిజమే, లేదు. అసలేమీ రాకపోయి ఉంటే నాకు అనుమానం వచ్చేది. కొన్ని వచ్చాయి కాబట్టి అన్నీ వచ్చాయనుకున్నాను.

జరిగిందేమిటంటే, నేను కాపీ చేసిన మాట చివర కంటికి కనపడని ఒక క్యారెక్టర్ ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు పక్కన ఇంకో హల్లు వచ్చినప్పుడు అది ఒత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డ్‌లు దాన్ని మధ్యలో పెడతాయి. "సర్వర్‌లో" అన్నప్పుడు ర్ కింద ల ఒత్తు పడకుండా ఆపేది అదే. నా నమూనాకు ఆ తోక అంటుకుని ఉంది కాబట్టి "సర్వర్‌లో", "సర్వర్‌కి" అన్నవి దొరికాయి. స్పేస్ ముందు మామూలుగా ముగిసిన "సర్వర్" దొరకలేదు. చూడ్డానికి మాత్రం రెండూ ఒకటే.

అనుమానం వస్తే మాటను ఇలా బైట్లుగా విప్పి చూడొచ్చు (ఓడీ అంటే ఓ, డీ అనే రెండక్షరాల కమాండ్; మధ్యలోని నిలువు గీత ఎడమవైపు కమాండ్ ఫలితాన్ని కుడివైపు కమాండ్‌కు పంపుతుంది):

ఎకో 'ఇక్కడ ఆ మాట పేస్ట్ చేయండి' | ఓడీ -బీ

ఫలితంలో 342 200 214 అనే మూడు అంకెలు వరసగా కనపడితే దొంగ అక్కడే ఉన్నాడు. నివారణ తేలికే. మాటను కాపీ చేయకుండా స్వయంగా టైప్ చేయండి, చివరి పొల్లు తర్వాత ఇంకేమీ పడకుండా చూసుకోండి. మధ్యలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు అనుకున్నచోట చుక్క, ప్రశ్నార్థకం పెట్టండి:

గ్రెప్ -ఆర్ -ఎన్ -పెద్దఈ 'సాఫ్ట్.?వేర్' నోట్స్

చుక్క అంటే ఏదో ఒక క్యారెక్టర్, దాని పక్కన ప్రశ్నార్థకం అంటే అది ఉన్నా లేకపోయినా ఫర్వాలేదని. ఇది పనిచేయాలంటే టెర్మినల్ యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో ఉండాలి. లొకేల్ అని కొడితే ఏముందో చూపిస్తుంది. పెద్దఈ పెట్టింది ప్రశ్నార్థకం, బ్రాకెట్, నిలువు గీత లాంటివాటికి వాటి ప్రత్యేక అర్థం రావడానికి. దీనికి విడిగా ఈగ్రెప్ అనే పేరు ఉండేది. 2022లో వచ్చిన గ్నూ గ్రెప్ 3.8 నుంచి ఆ పేరు వాడితే, అది పాతబడింది, మానేయండి అని హెచ్చరిక చూపిస్తోంది.

ఇంకో సంగతి. మనం అక్షరం అనుకునేదీ, గ్రెప్ అక్షరం అనుకునేదీ వేరు. "గ్రామం" మనకు రెండక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం గ, పొల్లు, ర, ఆకారం గుర్తు, మ, సున్న కలిసి ఆరు క్యారెక్టర్లు. యూటీఎఫ్-8లో ఒక్కో దానికి మూడేసి బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్లు. అందువల్ల మీరు "రామ" అని వెతికితే "గ్రామం" కూడా వచ్చేస్తుంది, "ప్రామాణికం" కూడా వచ్చేస్తుంది. ర వత్తుగా మారింది మన కంటికే. ఫైలులో అది మామూలు ర లాగే కూర్చుని ఉంది. "రమ" అని వెతికితే "కార్యక్రమం" పట్టుకొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు గ్రెప్‌కు పిచ్చెక్కిందేమో అనుకున్నాను.

మాట మొదట్లోనే ఉండాలంటే ముందు లైను మొదలో, స్పేసో ఉండాలని చెప్పండి:

గ్రెప్ -ఆర్ -ఎన్ -పెద్దఈ '(^| )రామ' నోట్స్

కోట్స్ తర్వాతో, బ్రాకెట్ తర్వాతో మొదలైన మాట దీనికి దొరకదు, అది గుర్తుంచుకోండి. విడి మాటగా ఉంటేనే చూపమనడానికి -డబ్ల్యూ అనే ఆప్షన్ ఉంది. ఇంగ్లిష్‌లో చక్కగా పనిచేస్తుంది. మన భాషలో విభక్తులు మాటకే అతుక్కుపోతాయి కాబట్టి దానివల్ల నష్టమే ఎక్కువ. "పుస్తకం" అని -డబ్ల్యూ పెట్టి అడిగితే "పుస్తకంలో" ఉన్న లైను పోతుంది.

అయితే ఇందాకటి తలనొప్పే ఇక్కడ మనకు కలిసొస్తుంది. "పుస్తక" అని సున్న లేకుండా వెతకండి. పుస్తకం, పుస్తకాలు, పుస్తకాన్ని అన్నీ దొరుకుతాయి, ఎందుకంటే "కా" లోపల క అలాగే ఉంది, ఆకారం దాని పక్కన విడిగా ఉంది. ఏయే రూపాలు ఎన్నెన్నిసార్లు వచ్చాయో చూడాలంటే:

గ్రెప్ -ఆర్ -హెచ్ -ఓ -పెద్దఈ 'పుస్తక[^ ]*' నోట్స్ | సార్ట్ | యూనిక్ -సీ | సార్ట్ -ఆర్ఎన్

ఓ అంటే లైనంతా కాకుండా సరిపోయిన ముక్క మాత్రమే చూపమని. [^ ]* అంటే స్పేస్ వచ్చేదాకా ఉన్నదంతా. ఆ ముక్కలను వరసలో పెట్టి, ఒకేరకం వాటిని లెక్కపెట్టి, ఎక్కువ వచ్చినవి పైకి తెస్తుంది. యూనిక్ స్పెల్లింగ్ యూ, ఎన్, ఐ, క్యూ, అంతే. అసలు వెతుకులాటకు ముందు దీన్ని ఒకసారి నడపడం నాకు అలవాటైపోయింది. నేను ఊహించని స్పెల్లింగ్‌లు ఇందులోనే బయటపడతాయి.

ఏమీ రాకపోతే

గ్రెప్ దొరకలేదని చెప్పదు, మౌనంగా ఉంటుంది. ఆ మౌనానికి కారణం చూడాలంటే వెంటనే ఎకో $? అని కొట్టండి. 1 వస్తే వెతికింది, దొరకలేదు. 2 వస్తే ఫైలు తెరుచుకోకపోవడం లాంటి పొరపాటేదో జరిగింది. 0 అంటే దొరికినట్టు.

1 వచ్చినా అక్కడ ఉందని మీకు తెలిస్తే, ఫైల్ అనే కమాండ్‌కు ఆ ఫైలు పేరిచ్చి చూడండి. యూటీఎఫ్-16 అని చెబితే అదీ కారణం. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అని ఎంచుకుని సేవ్ చేస్తే ఫైలు అలాగే తయారయ్యేది. 2019లో విండోస్ 10 వెర్షన్ 1903తో నోట్‌ప్యాడ్ మామూలుగా యూటీఎఫ్-8లో సేవ్ చేయడం మొదలైంది. పాతవాటిని ఐకాన్వ్ (ఐ, సీ, ఓ, ఎన్, వీ) అనే కమాండ్‌తో మార్చుకోవాలి:

ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-16 -టీ యూటీఎఫ్-8 పాత.టీఎక్స్‌టీ > కొత్త.టీఎక్స్‌టీ

యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లయితే ఇది కూడా పనిచేయదు. తెర మీద తెలుగులా కనిపించేది ఫాంట్ వేసిన వేషం, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. వాటిని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చుకోక తప్పదు. వర్డ్ డాక్యుమెంట్లు, పీడీఎఫ్‌లు కూడా టెక్స్ట్ ఫైళ్లు కావు, గ్రెప్ వాటి లోపలికి చూడలేదు.

లైను చివర అని చెప్పే డాలర్ గుర్తు పెట్టినప్పుడు మాత్రమే దొరకడం లేదంటే, ఆ ఫైలు విండోస్‌లో తయారై ఉంటుంది. అక్కడ ప్రతి లైను చివరా కనపడని ఇంకో క్యారెక్టర్ ఉంటుంది. డాలర్ తీసేసి వెతకండి.

ఒకటి కంటే ఎక్కువ మాటలు

ఇది గానీ అది గానీ అంటే నిలువు గీత: -పెద్దఈ 'సర్వర్|బ్యాకప్'. మాటలు పదుల్లో ఉంటే వాటిని లైనుకొకటి చొప్పున మాటలు.టీఎక్స్‌టీ అనే ఫైలులో రాసి -ఎఫ్ తో ఇవ్వండి:

గ్రెప్ -ఆర్ -ఎన్ -పెద్దఎఫ్ -ఎఫ్ మాటలు.టీఎక్స్‌టీ నోట్స్

పెద్దఎఫ్ అంటే చుక్కలకూ నక్షత్రాలకూ అర్థాలు తీయొద్దు, ఉన్నదున్నట్టు వెతుకు అని. జాగ్రత్త పడాల్సింది ఆ మాటల ఫైలులో ఖాళీ లైను గురించి. ఒక్క ఖాళీ లైను ఉన్నా, ఖాళీ అనేది ప్రతి లైనులోనూ ఉన్నట్టే కాబట్టి, ఫోల్డర్ మొత్తం మీ తెర మీద కుమ్మరిస్తుంది.

రెండు మాటలూ ఒకే లైనులో ఉండాలంటే ఒక గ్రెప్ ఫలితాన్ని ఇంకో గ్రెప్‌కు పంపడం అలవాటు:

గ్రెప్ -ఆర్ 'సర్వర్' నోట్స్ | గ్రెప్ 'జూన్'

ఇందులో గుంట ఉంది, చూశారా? మొదటి గ్రెప్ ప్రతి లైను ముందూ ఫైలు పేరు అతికిస్తుంది. ఫైలు పేరే జూన్.టీఎక్స్‌టీ అయితే ఆ ఫైలులోని సర్వర్ లైన్లన్నీ రెండో గ్రెప్‌కు సరిపోతాయి. మొదటిదానికి -హెచ్ పెట్టి పేర్లు తీసేయండి, లేదా ఒకే నమూనాగా 'సర్వర్.*జూన్|జూన్.*సర్వర్' అని పెద్దఈతో రాయండి (చుక్క పక్కన నక్షత్రం అంటే మధ్యలో ఏమున్నా ఫర్వాలేదని). ఫలానా మాట ఉన్న లైన్లు వద్దనడానికి -వీ వాడినప్పుడూ ఇదే గుంట.

ఒకే లైనులో కాకపోయినా ఒకే ఫైలులో రెండూ ఉంటే చాలనుకుంటే:

గ్రెప్ -ఆర్ -ఎల్ --నల్ 'సర్వర్' నోట్స్ | ఎక్స్ఆర్గ్స్ -0 గ్రెప్ -ఎల్ 'బ్యాకప్'

ఎక్స్ఆర్గ్స్ (ఎక్స్, ఏ, ఆర్, జీ, ఎస్) మొదటి గ్రెప్ ఇచ్చిన ఫైలు పేర్లను రెండో గ్రెప్‌కు అందిస్తుంది. --నల్, -0 అనేవి జంట. ఫైలు పేర్లలో స్పేస్‌లు ఉన్నా ముక్కలు కాకుండా ఇవి కాపాడతాయి.

ఫలితాన్ని దాచుకోవడం

గ్రెప్ -ఆర్ -ఎన్ 'సర్వర్' నోట్స్ > ఫలితం.టీఎక్స్‌టీ

ఫలితం ఫైలును నోట్స్ ఫోల్డర్ లోపల పెట్టొద్దు. పెడితే తర్వాత ఇంకెప్పుడు వెతికినా పాత ఫలితాలు కూడా కొత్త లైన్లలా దొరుకుతాయి, లెక్క రెట్టింపవుతుంది. పంపేముందు ఫైలుకెన్ని లైన్లు వచ్చాయో చూసుకోండి:

గ్రెప్ -ఆర్ -సీ 'సర్వర్' నోట్స్ | గ్రెప్ -వీ ':0$'

సీ లెక్కపెట్టేది లైన్లనే. ఒకే లైనులో మాట మూడుసార్లున్నా ఒకటిగానే వేస్తుంది. రెండో గ్రెప్ సున్నా వచ్చిన ఫైళ్లను పక్కకు తీసేస్తుంది. ఈ జాబితాలో ఉండి తీరాలని మీకు తెలిసిన ఫైలు కనపడకపోతే పంపొద్దు, ఆ ఒక్క ఫైలు తెరిచి మాట ఎలా రాసి ఉందో చూడండి. నేను ఆ రోజు రెండోసారి తీసిన జాబితాలో లైన్లు మొదటిదానికి రెట్టింపు దాటాయి. ఇప్పుడు ఏ జాబితా పంపినా దాని మొదటి లైనులో ఏ కమాండ్‌తో తీశానో కూడా రాసి పంపుతున్నాను, అవతలివాళ్లు కావాలంటే మళ్లీ నడిపి చూసుకుంటారు.